రెండు లీటర్లలో మూడు సీసాలు

ఫ్రాన్స్‌, హంగరీ వైపు ద్రాక్ష తోటలు చూడటానికి వెళ్లినవాళ్లకు తిరుగు ప్రయాణంలో ఒకటే బాధ: ఏ వైన్ సీసా తేవాలి, ఏది వదిలేయాలి? బెంగళూరు విమానాశ్రయంలో దిగాక సుంకం లేకుండా ఒక్కొక్కరికి రెండు లీటర్ల మద్యమే అనుమతిస్తారు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. మూడు తెస్తే పరిమితి దాటిపోతుంది, రెండే తెస్తే అర లీటరు వృథా.

ఆ అర లీటరును తీపి వైన్‌తో నింపండి. హంగరీ టొకాయ్ అసూ సాధారణంగా 500 మిల్లీలీటర్ల సీసాలో వస్తుంది. రెండు మామూలు సీసాలు, ఇదొకటి కలిపితే సరిగ్గా రెండు లీటర్లు. ఫ్రాన్స్‌ సొటెర్న్ అయితే 375 మిల్లీలీటర్ల సగం సీసా అడగండి. తీపి వైన్ కొంచెం కొంచెంగా తాగేది కాబట్టి చిన్న సీసా అయినా ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. నా లెక్కన తేదగ్గదే అది.

సర్దేటప్పుడు ప్రతి సీసానూ జిప్ కవరులో పెట్టి, మందపాటి ఉన్ని మేజోడులోకి దూర్చి, జీన్స్ కాలులో చుట్టండి. గట్టి పెట్టె మధ్యలో, అంచులకు నాలుగు వేళ్ల దూరంలో ఉంచండి. మూసి ఊపితే ఏమీ కదలకూడదు. మామూలు సీసా ఒక్కొక్కటి కిలోకు పైనే తూగుతుంది, బరువు ముందే చూసుకోండి.

చేతి సంచీతో మాత్రమే ప్రయాణించే టికెట్‌ అయితే ఇది పనికిరాదు. చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను భద్రతా తనిఖీలోనే తీసేస్తారు.