తుపాకీ తన్నుతోందా? రోగమెక్కడ, మందెంత

మొన్నామధ్య మా మేనల్లుడు ఆస్టిన్ నుంచి వీడియో కాల్ చేశాడు. చొక్కా పై గుండీలు రెండూ విప్పి కుడి భుజాన్ని కెమెరా ముందు పెట్టాడు. అరచేతి మేర నేరేడుపండు రంగులో కమిలిపోయి ఉంది.

"మామయ్యా, ఇరవై తూటాలు కాల్చాను. చివరి పదింటిలో ఒక్కటీ కాగితానికి తగల్లేదు. నాకీ వేట అచ్చిరాదేమో."

"ఏం తుపాకీ కొన్నావురా?"

".300 విన్ మాగ్."

జింక నుంచి ఎలుగుబంటి దాకా ఇదొక్కటే చాలని దుకాణంలో ఎవరో అంటగట్టారట. సైకిల్ కూడా తొక్కనివాడికి బుల్లెట్ బండి తాళాలు ఇచ్చినట్టుంది.

గుంటూరు, విజయవాడల్లో ఏ వీధికి వెళ్లినా టెక్సస్‌లో పిల్లలున్న ఇళ్లు నాలుగు కనిపిస్తాయి. వాళ్లలో కొందరు అక్కడ లైసెన్సు తీసుకుని వేటకు వెళ్తున్నారు. నేను కాలేజీలో ఎన్‌సీసీ .22 రైఫిల్ పట్టినవాణ్ణి. తర్వాత తొమ్మిదేళ్లు టెక్సస్‌లో ఉండి, ఇప్పుడు బ్రాడీపేటలో స్థిరపడ్డాను. అందుకే ఇలాంటి ఫోన్లు నాకు వస్తుంటాయి. వచ్చిన ప్రశ్నలే ఇక్కడ రాస్తున్నాను.

అంతకంటే ముందు చట్టం సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డులో దుప్పులు కనబడితే ఫోన్ తీయాలి, అంతే. ఈ రాసేదంతా అమెరికాలాంటి చోట లైసెన్సుతో వేటాడేవాళ్లకే. అక్కడా పద్ధతులున్నాయి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ అనే శిక్షణ పూర్తి చేయాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వేట లైసెన్సులాంటి మినహాయింపు లేకుండా వాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. "ఫ్రెండ్ తుపాకీయేగా, ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుంది" అనుకోవద్దు. లైసెన్సు చేతికొచ్చాకే రేంజికి, అంటే కాల్పులు సాధన చేసే చోటుకు, వెళ్లండి.

సమస్య: నాలుగు తూటాలకే భుజం కమిలిపోతోంది

కారణాలు మూడు: తూటా, తుపాకీ బరువు, పట్టుకునే తీరు. చాలామంది మొదటిదాన్నే తిడతారు.

తూటా కొసనుండే బుల్లెట్టూ, లోపలి మందు కాలి పుట్టిన వాయువూ ఎంత ఊపుతో ముందుకు పోతే తుపాకీ అంత ఊపుతో వెనక్కి వస్తుంది. దాన్నే మనం తన్ను అంటున్నాం. ఎనిమిది పౌండ్ల తుపాకీలో, అంటే స్కోపుతో (గురి చూసే దుర్భిణితో) కలిపి 3.6 కిలోలు ఉన్నదాంట్లో, ఒక్కో రకం తూటాకు ఆ తన్ను ఇలా ఉంటుంది. ఫుట్-పౌండ్ అంటే ఒక పౌండు బరువును ఒక అడుగు ఎత్తే శక్తి. అన్నీ ఉజ్జాయింపు లెక్కలే. కంపెనీనీ లోడునూ బట్టి ఒకటి రెండు అటూఇటూ అవుతాయి.

.243 వించెస్టర్, 100 గ్రెయిన్ల బుల్లెట్: 9 నుంచి 10 ఫుట్-పౌండ్లు
6.5 క్రీడ్‌మూర్, 140 గ్రెయిన్లు: 12, 13
7 ఎంఎం-08, 140 గ్రెయిన్లు: 13, 14
.308 వించెస్టర్, 165 గ్రెయిన్లు: 16 దరిదాపు
.30-06, 180 గ్రెయిన్లు: 20
.300 విన్ మాగ్, 180 గ్రెయిన్లు: 26

140 గ్రెయిన్లంటే 9 గ్రాములు. కాసు బంగారం కంటే ఒక్క గ్రాము ఎక్కువ. అంత చిన్న ముక్క ముందుకు దూకితేనే ఈ గొడవంతా.

నా అనుభవంలో, కొత్తవాడు 15 దాటితే తట్టుకోలేడు. ఆ సంగతి వాడు ఒప్పుకోడు, అది వేరే విషయం. మావాడు 26తో మొదలుపెట్టాడు.

ఈ జాబితాలో .243, 7 ఎంఎం-08 రెండూ .308 కడుపున పుట్టినవే. 1952లో వచ్చిన .308 తూటా మెడను సన్నం చేసి 1955లో .243 తెచ్చారు. 1980లో రెమింగ్టన్ 7 ఎంఎం-08 తెచ్చింది. 6.5 క్రీడ్‌మూర్ 2007లో హోర్నడీ కంపెనీ టార్గెట్ షూటింగ్ కోసం చేసింది, తర్వాత వేటగాళ్లు ఎగబడ్డారు.

ఇక తుపాకీ బరువు. కొండలెక్కాలని ఆరు పౌండ్ల తేలికపాటి రైఫిల్ కొంటారు. మోసేటప్పుడు హాయిగానే ఉంటుంది. కాల్చేటప్పుడు మాత్రం అదే తూటా మూడో వంతు ఎక్కువ తన్నుతుంది. అంటే ఆరు పౌండ్ల 6.5 క్రీడ్‌మూర్‌కీ, ఎనిమిది పౌండ్ల .308కీ భుజం దగ్గర పెద్ద తేడా ఉండదు. "మృదువైన తూటా అన్నారు, ఇదేంటి ఇలా కొడుతోంది" అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది తుపాకీ బరువెంత అనే.

పట్టుకునే తీరు మాటల్లో చెప్పడం కష్టం. మన మిర్చి యార్డుకు వెళ్లి ఒక పది నిమిషాలు నిలబడండి. హమాలీ బస్తాను భుజానికి ఎక్కించుకునేటప్పుడు నిటారుగా ఉండడు. ఒక కాలు ముందుకు వేసి, నడుము దగ్గర కాస్త వంగి, బరువు వచ్చేలోపే దాని కిందకు వెళ్తాడు. రైఫిల్‌తోనూ అలాగే నిలబడాలి. బట్‌ను, అంటే భుజానికి ఆనే తుపాకీ వెనక కొసను, భుజం ఎముక మీద కాదు, ఎముకకు లోపలివైపు ఛాతీ మొదలయ్యే మెత్తటి గుంటలో ఆనించాలి. బట్‌కీ భుజానికీ మధ్య సందు ఉంటే తుపాకీ తోయదు, గుద్దుతుంది. మావాడి కమిలిన మచ్చ భుజం అంచున, ఎముక మీదే ఉంది. వాడు బట్‌ను ఎక్కడ పెట్టాడో అడగాల్సిన పనే లేకపోయింది.

సమస్య: మొదటి మూడు తూటాలు బాగానే పడుతున్నాయి, తర్వాత చెదిరిపోతున్నాయి

దీన్ని ఎక్కువమంది స్కోపు మీదికి నెట్టేస్తారు. స్కోపు మారుస్తారు, తూటాల బ్రాండు మారుస్తారు, వెయ్యి డాలర్లు వదిలించుకుంటారు. స్కోపు బిగింపు మరలు ఒకసారి చూసుకోండి, మంచిదే. కానీ నూటికి తొంభై మందిలో లోపం వాళ్ల కనురెప్పలోనే ఉంటుంది. దెబ్బ పడుతుందని శరీరానికి తెలిసిపోయింది కాబట్టి ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది. ఫ్లించ్ అంటారు దీన్ని.

పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రేంజిలో పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. మీరు అటు తిరిగి ఉండగా వాళ్లు ఒకసారి నిజం తూటా, ఒకసారి మందులేని డమ్మీ తూటా పెట్టి బోల్టు మూసి ఇవ్వాలి. ఏది ఉందో మీకు తెలియకూడదు.

నేను మా బావమరిదికి చేసి చూపించాను. మూడోసారి డమ్మీ పెట్టాను. ఆయన ఊపిరి బిగబట్టాడు, వేలు నొక్కాడు. 'టిక్' అని చిన్న చప్పుడు, అంతే. కానీ గొట్టం కొస బెత్తెడు కిందికి దిగింది. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, పేలని తుపాకీతో కుస్తీ పడుతున్నాడు. ఒక్క క్షణం ఆగి కళ్లు తెరిచి నావైపు చూసి నవ్వేశాడు. "నేను ఇలా చేస్తున్నానా బావా?" అన్నాడు. స్కోపు కొనడం ఆ రోజుతో మానేశాడు.

మానడానికి దారి: నెల రోజులు పెద్ద తుపాకీ ముట్టుకోకుండా .22తో కాల్చండి. తన్ను ఉండదు, తూటా చవక. రోజుకు యాభై కాల్చినా ఏమీ కాదు. తర్వాత .243 గానీ 6.5 గానీ పట్టండి, ఒక పూటకు పదిహేను, ఇరవై మించకుండా. ఆ పూట చివరి అయిదూ మళ్లీ .22తోనే. ఇంటికెళ్లేటప్పుడు శరీరానికి గుర్తుండేది ఆఖరి తూటా కాబట్టి అది నొప్పి లేనిది కావాలి. బల్ల మీద కూర్చుని కాల్చడం తగ్గించండి. బల్ల దగ్గర శరీరం వెనక్కి ఊగడానికి వీలుండదు, దెబ్బంతా భుజమే తింటుంది.

సమస్య: స్కోపు కనుబొమ్మకు తగిలి చీరుకుపోయింది

కంటికీ స్కోపుకీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఉండాలి. పడుకుని కాల్చినా, కొండ పైకి గురిపెట్టినా తల ముందుకు జరుగుతుంది, అప్పుడే తగులుతుంది. స్కోపు రింగులు వదులు చేసి ముందుకు జరపండి. ఈ ఒక్క గాయంతో ఫ్లించ్ ఏడాదిపాటు పట్టుకుంటుంది, కాబట్టి చిన్నదని తీసేయొద్దు.

సమస్య: తన్ను తగ్గింది. కానీ తగిలిన జంతువు పడకుండా పారిపోయింది

చెప్పాల్సింది ఎక్కువున్నది ఇక్కడే. "అందుకే పెద్ద తూటా కావాలన్నది" అనేవాళ్లు మళ్లీ మొదటికొస్తారు.

ముందు బుల్లెట్ చూడండి. .243లో రెండు రకాలు దొరుకుతాయి. నక్కల్లాంటి చిన్నవాటి కోసం చేసిన పలుచటి బుల్లెట్లు చర్మం దాటగానే ముక్కలైపోతాయి. జింకకు 95, 100 గ్రెయిన్ల గట్టివి గానీ, పూర్తిగా రాగితో చేసినవి గానీ కావాలి. పెట్టె మీద తూటా పేరు ఒకటే ఉంటుంది, లోపలి బుల్లెట్ వేరు. నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను. రెండు గంటలు ముళ్లపొదల్లో టార్చితో వెతికి దొరికాక గానీ అన్నం తినలేకపోయాను.

తర్వాత జంతువు. టెక్సస్ హిల్ కంట్రీలో వైట్ టెయిల్ మగజింక యాభై, అరవై కిలోలుంటుంది. మన చుక్కల దుప్పి కూడా అక్కడ ఉంది, 1930ల్లో తీసుకెళ్లారు. దాన్ని యాక్సిస్ అంటారు. మంచి మగది ఎనభై కిలోలు దాకా తూగుతుంది. ఈ రెంటికీ .243 సరిపోతుంది, 6.5 గానీ 7 ఎంఎం-08 గానీ అయితే నిశ్చింత. దక్షిణ టెక్సస్‌లో మనుబోతులు కూడా ఉన్నాయి. అక్కడా నీల్గాయ్ అనే అంటారు. రెండొందల కిలోలు దాటే మగది, మందపాటి తోలు, గట్టి ప్రాణం. దానికి .243 తీసుకెళ్లడం నా దృష్టిలో తప్పు. మీరు తట్టుకోగలిగితే .308 గానీ .30-06 గానీ వాడండి. లేదా 7 ఎంఎం-08లో గట్టి బుల్లెట్ పెట్టి నూట యాభై గజాల లోపల, పక్కకు తిరిగి నిలబడితేనే కొట్టండి. దాని గుండె, ఊపిరితిత్తులు జింక కంటే కాస్త ముందుకు ఉంటాయి. భుజం వెనక అని జింక లెక్క వేస్తే పొట్టలో తగులుతుంది. ముందుకాలి మీదుగా నేరుగా పైకి చూసి, ఒంటి కింది మూడో వంతు దగ్గర గురి పెట్టాలి.

ఎల్క్ అనే పెద్ద జాతి జింక కూడా అంతే. కొలరాడోలో జింకకు రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), బుల్లెట్ 70 గ్రెయిన్లు ఉండాలి. ఎల్క్‌కు బుల్లెట్ 85 గ్రెయిన్లు. నూరు గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. చట్టం ప్రకారం .243 దాటుతుంది. అది అనుమతి మాత్రమే, సలహా కాదు. ఎల్క్‌కు 6.5 నుంచి మొదలుపెట్టమంటాను.

చిన్న తూటాను తక్కువగా చూసేవాళ్లకు 7x57 మౌజర్ సంగతి చెప్తుంటాను. ఇంగ్లండులో దాన్నే .275 రిగ్బీ అన్నారు. 7 ఎంఎం-08 దానికి దగ్గరి చుట్టం. కరమోజో బెల్ అనే ఆయన ఆఫ్రికాలో దాంతో ఏనుగుల్నే కొట్టాడు. మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చింది ఆ తూటా రైఫిలే. బెల్‌లా చేయమని కాదు. ఆయనకు ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుందో తెలుసు. మనకు మనుబోతు గుండె ఎక్కడుందో తెలియాలిగా.

తగిలాక వెంటనే పరుగెత్తకండి. జంతువు కనిపించకుండా పోతే అరగంట ఆగి, నిలబడిన చోటు నుంచి రక్తం జాడ పట్టుకోండి. వెంట పడితే అది ఇంకా దూరం పోతుంది.

సమస్య: తన్ను తగ్గించడానికి మజిల్ బ్రేక్ పెట్టించాను, ఇప్పుడు చెవులు గింగురుమంటున్నాయి

బ్రేక్ అంటే గొట్టం కొసకు బిగించే ముక్క, అది వాయువును పక్కలకు మళ్లిస్తుంది. తన్ను తగ్గుతుంది, శబ్దం మీ చెవులకూ పక్కవాడి చెవులకూ పెరుగుతుంది. చెవిలో ప్లగ్గు, పైన చెవిని కప్పే మఫ్ రెండూ పెట్టండి. వేటలో ప్లగ్గు పెట్టుకోనంటే బ్రేకు తీసేయండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

సమస్య: ఇంట్లో ఇద్దరిదీ ఒకే తుపాకీ. ఆమెకే ఎక్కువ తన్నుతోంది

తన్ను ఇద్దరికీ ఒకటే, కొలతే తేడా. బట్ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే పొడవు ఆమె చేతికి ఎక్కువైంది. మోచేయి మడిచి, బట్‌ను ఆ మడతలో ఆనిస్తే చూపుడు వేలు ట్రిగ్గర్‌ను సుఖంగా అందుకోవాలి. అందకపోతే ఆమె తల వెనక్కి, నడుము వెనక్కి, బట్ భుజం కొసకు పోతాయి. స్టాక్‌ను, అంటే ఆ వెనక భాగాన్ని, కొంచెం కోయించి రబ్బరు ప్యాడ్ వేయించండి. దానికయ్యే ఖర్చు కొత్త తుపాకీలో పదో వంతు కూడా ఉండదు. పిల్లల కోసమని అమ్మే పొట్టి రైఫిళ్లు మాత్రం తూచి చూసి కొనండి. పొట్టిగా చేసే క్రమంలో బరువూ తగ్గించేస్తారు.

మా మేనల్లుడు .300 అమ్మేశాడు. ఎనిమిది పౌండ్ల 7 ఎంఎం-08 కొన్నాడు, నెల .22తో గడిపాడు. మొన్న ఆదివారం మళ్లీ ఫోన్. ఫ్రెండు వాళ్ల రాంచ్‌లో నూట పది గజాల నుంచి యాక్సిస్ దుప్పి, ఒకే తూటా. పేలిన ఆ తూటా ఖాళీ గుల్లను గుర్తుగా సంక్రాంతికి నాకు తెస్తానన్నాడు. వద్దురా బాబూ అన్నాను. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో బ్యాగు స్కానర్‌లోకి వెళ్లిందంటే మీ అమ్మ చేసిన అరిసెలు పోలీసు స్టేషన్‌లో తినాలి. ఫోటో పంపు చాలు.