పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ వేసే ముందు ఆ 48 అంకెలు ఎక్కడున్నాయో చూడండి

గత నెల ఒక ప్రైవేటు కళాశాల కార్యాలయంలో తొమ్మిది కంప్యూటర్లకు ఒకే సాయంత్రం విండోస్ అప్‌డేట్ వేశారు. అక్కడ నెట్ నెమ్మది కాబట్టి ఫైలును ఒకచోట దించుకొని, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అన్నింటికీ వేయాలనుకోవడం సరైన ఆలోచనే. పనిలో పనిగా తయారీ సంస్థ ఇచ్చిన బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే మూల ప్రోగ్రాం) అప్‌డేట్‌ను కూడా వేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. మరునాడు ఉదయం నాలుగు కంప్యూటర్లు నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ, అంటే తాళం పడిన డిస్కును తెరిచే సంఖ్య, అడుగుతూ ఆగిపోయాయి. వాటిలో రెండింటి కీలను గుమాస్తా ముందుజాగ్రత్తగా పీడీఎఫ్ చేసి, ఏ కంప్యూటర్ కీని ఆ కంప్యూటర్ డి డ్రైవ్‌లోనే దాచాడు. డి డ్రైవ్‌కు కూడా తాళం పడింది. మిగిలిన రెండింటి కీలు, అమ్మిన దుకాణంలో వాటిని మొదటిసారి తెరిచిన కుర్రవాడి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉన్నాయి. అతడు ఆ ఉద్యోగం ఎప్పుడో మానేసినా వెతికి పట్టుకోగలిగాం కాబట్టి ఆ రెండూ తెరుచుకున్నాయి. గుమాస్తా జాగ్రత్త చేసిన రెండింటిని మాత్రం ఫార్మాట్ చేయవలసి వచ్చింది. మూడేళ్ల ఫీజుల లెక్కలు వాటితోనే పోయాయి.

ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసుకోవాలనీ, కరెంటు పోకుండా యూపీఎస్ ఉండాలనీ అందరికీ తెలుసు. వాటిని వదిలేసి, నేను పదేపదే చూసిన ఒక్క తప్పు గురించే ఎక్కువగా రాస్తాను. రికవరీ కీ కంప్యూటర్ బయట, చేతికందే చోట ఉన్నదో లేదో చూడకుండా అప్‌డేట్ మొదలుపెట్టడమే ఆ తప్పు.

తాళం సంగతి

చాలామంది తమ కంప్యూటర్‌కు డిస్కు తాళం, అంటే విండోస్‌లోని బిట్‌లాకర్, లేదనుకుంటారు, ఎందుకంటే దానిని వారు ఎన్నడూ ఆన్ చేయలేదు. విండోస్ 11 యొక్క 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్‌కే మరో రూపం) తనంతట తానే మొదలవుతుంది, కీ ఆ ఖాతాలోకి చేరుతుంది. మీ కంప్యూటర్‌ను దుకాణంవారు తమ ఖాతాతో తెరిచి ఇచ్చి ఉంటే, మీ ఇంటి తాళంచెవి వారి జేబులో ఉన్నట్టే.

ఆ తాళం అప్‌డేట్ సమయంలోనే ఎందుకు అడ్డుపడుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. కంప్యూటర్ తెరుచుకునే ప్రతిసారీ టీపీఎం అనే చిప్, బయాస్ మొదలుకొని బూట్ ఫైళ్ల వరకు అన్నీ నిన్నటిలాగే ఉన్నాయా అని కొలిచి చూసి, అలా ఉంటేనే కీని విడుదల చేస్తుంది. బయాస్ మారితే ఆ కొలత మారవచ్చు. దొంగ మార్చాడా, యజమాని మార్చాడా అన్నది చిప్‌కు తెలియదు కాబట్టి అది మిమ్మల్నే 48 అంకెలు అడుగుతుంది. నెలవారీ విండోస్ అప్‌డేట్ మామూలుగా ఈ తంటా తేదు, కానీ తెచ్చిన సందర్భాలున్నాయి. 2024 జూలై 9న వచ్చిన అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు కీ అడిగాయి. 2025 మే నెలలో విండోస్ 10కు వచ్చిన కేబీ5058379 అనే అప్‌డేట్ వల్ల, ఇంటెల్ వీప్రో రకం ప్రాసెసర్లున్న కొన్ని యంత్రాలు అదే పని చేశాయి. దానికి మందుగా మే 19న ఇచ్చిన కేబీ5061768ను మైక్రోసాఫ్ట్ తన అప్‌డేట్ క్యాటలాగ్ అనే వెబ్‌సైటులో మాత్రమే పెట్టింది, అంటే చేత్తో దించుకొని వేయవలసిందే. ఇక నమ్మదగిన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ అనే ఏర్పాటుకు చెందిన 2011 నాటి ధ్రువపత్రాల గడువు తీరడం 2026 జూన్ నుంచి మొదలు కాబట్టి, బూట్ వ్యవస్థను తాకే మార్పులు నెట్ లేని కంప్యూటర్లకు కూడా తప్పవు.

అందుకని ముందుగా సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ, కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, బిట్‌లాకర్ పుటలో రికవరీ కీని బ్యాకప్ చేసే వరుసను నొక్కి, కీని కాగితం మీద అచ్చు వేయండి. కాగితం మీద కీతోపాటు కీ ఐడీ కూడా ఉంటుంది. నీలి తెర మీద కనిపించే ఐడీలోని మొదటి 8 అక్షరాలు దానితో కలవాలి, లేకపోతే అది వేరే డ్రైవ్ కీ అని అర్థం. సి డ్రైవ్‌కు ఒక కీ, డి డ్రైవ్‌కు మరొక కీ ఉంటాయి, కాబట్టి రెండింటినీ తీసుకోండి. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్‌లో పెట్టకండి, అదే కంప్యూటర్ నుంచి తెరిచే మెయిల్‌లో మాత్రమే ఉంచకండి. కీ పోతే మైక్రోసాఫ్ట్ సంస్థ కూడా దానిని తిరిగి తయారు చేసి ఇవ్వలేదు. ఊళ్లో ఎవరో తెరిచి ఇస్తామన్నారంటే, వారు ఫార్మాట్ చేసి ఇస్తారని అర్థం.

ఫైలు సంగతి

ఫైలును మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి మీరే దించుకోండి. ఎవరో చేసిన ‘ఆఫ్‌లైన్ ప్యాక్’ వద్దు. 2022 ఏప్రిల్‌లో మ్యాగ్నిబర్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) విండోస్ 10 అప్‌డేట్ వేషంలోనే పాకింది. క్యాటలాగ్ ఫైలు పేరు చివర ఉండే 40 అక్షరాల వరుస ఆ ఫైలు షా-1 ముద్ర, అంటే ఫైలు లోపలి సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తు. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ (certutil) ఆదేశంతో లెక్కించి పోల్చితే, ఫైలు దారిలో చెడిపోలేదని తెలుస్తుంది. అయితే ఆ ముద్ర ఫైలు చెడలేదని మాత్రమే చెబుతుంది గాని, దానిని ఎవరు చేశారో చెప్పదు, ఎందుకంటే దొంగ ఫైలుకు కూడా దాని ముద్రనే పేరుగా పెట్టవచ్చు.

దించుకునే ముందు, అప్‌డేట్ వేయబోయే కంప్యూటర్‌లో స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని టైపు చేసి బిల్డ్ సంఖ్య రాసుకోండి. 19045 అంటే విండోస్ 10 22హెచ్2, 26100 అంటే విండోస్ 11 24హెచ్2. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఆ తర్వాతి భద్రతా అప్‌డేట్లు ఫైలు చేతిలో ఉన్నా పొడిగింపు పథకంలో చేరని కంప్యూటర్‌లో ఎక్కవు. 24హెచ్2కు ఒక మెలిక ఉంది. కేబీ5043080 అనే 2024 సెప్టెంబరు అప్‌డేట్ దానికి మైలురాయి వంటిది; మీరు వేయదలచిన నెల ఫైలును, దీనిని ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌లో వేరే ఎం.ఎస్.యు. ఫైలు (.msu, అంటే విండోస్ అప్‌డేట్ ఫైలు) ఏదీ లేకుండా చూసుకొని, విండోస్‌లోని డిస్మ్ (DISM) ఆదేశంతో ఎక్కించాలి.

నెట్ లేని కంప్యూటర్‌కు అప్‌డేట్ ఎందుకని అడిగేవారికి ఒక్క మాట చెబుతాను. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ మొదలయ్యేనాటికి దాని మందు వచ్చి రెండు నెలలైంది, అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది లోపలి నెట్‌వర్క్ తీగల మీదుగా కూడా ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకుతుంది.

ఇక పనికి దిగాక

కాగితం చేతిలో ఉన్నదా? లేకపోతే ఇక్కడితో ఆగండి.

బయాస్ అప్‌డేట్‌ను, విండోస్ అప్‌డేట్‌ను ఒకే రోజు వేయకండి. బయాస్ వేసే ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. సస్పెండ్ అంటే తాళం తీసివేయడం కాదు, కాసేపు తాళంచెవిని గుమ్మానికి తగిలించి ఉంచడం. మామూలుగా అది ఒక్క రీస్టార్ట్ తర్వాత తనంతట తానే తిరిగి పడిపోతుంది. కొన్ని బయాస్‌లకు రెండుసార్లు రీస్టార్ట్ కావాలి. సరిగ్గా ఆ రెండోసారే నీలి తెర వస్తుంది. కాబట్టి సస్పెండ్ చేసే ఆదేశంలో రీస్టార్ట్‌ల సంఖ్యను పెంచి ఇవ్వండి, పని అయ్యాక రక్షణ తిరిగి ఆన్ అయిందో లేదో చూడండి.

ఫైలును పెన్‌డ్రైవ్ నుంచి గానీ, నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచి గానీ నేరుగా నడపకండి, కంప్యూటర్‌లోకి కాపీ చేసుకొని నడపండి. ఒకటికి మించి ఎం.ఎస్.యు. ఫైళ్లున్న నెట్‌వర్క్ ఫోల్డర్ నుంచి డబుల్ క్లిక్ చేసి వేస్తే విఫలమయ్యే లోపం 2025 మే చివరి అప్‌డేట్‌తో మొదలైంది.

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి.

ఆ పెన్‌డ్రైవ్‌ను జిరాక్స్ దుకాణానికి పంపకండి.

24హెచ్2 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌ను 2024 అక్టోబరు, నవంబరు నెలల అప్‌డేట్లతో తయారు చేసి ఉంటే పారేసి కొత్తది చేసుకోండి. దానితో వేసిన విండోస్‌కు తర్వాతి భద్రతా అప్‌డేట్లు అందకపోవచ్చునని మైక్రోసాఫ్టే చెప్పింది.

తొమ్మిదింటికీ ఒకే సాయంత్రం వేయకండి. ముందు ఒకదానికి వేయండి, అదీ లెక్కలు లేనిదానికి. రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం రీస్టార్ట్ కాదు. విన్‌వర్‌లో బిల్డ్ సంఖ్య మారిందో లేదో చూడండి. ఒక రోజంతా దాని మీద పని చేయండి.

శనివారం సాయంత్రం వేయకండి. జీతాల బిల్లుల వారంలో వేయకండి. పరీక్ష ఫీజు గడువు ముందు రోజు అసలే వేయకండి.

శాతం అంకె కదలడం లేదని పవర్ బటన్ నొక్కకండి.

నీలి తెర వస్తే గాబరాపడి రీసెట్ నొక్కకండి. అది డిస్కును తుడిచేస్తుంది, ఆ తర్వాత కీ దొరికినా తెరవడానికి ఏమీ మిగలదు. ఫోనుతో తెరను ఫోటో తీయండి, కీ ఐడీ స్పష్టంగా పడిందో చూసుకోండి, కంప్యూటర్‌ను ఆపేయండి, కాగితం వెతకండి. కాగితం లేకపోతే ఆ కంప్యూటర్‌లో ఎవరెవరి మైక్రోసాఫ్ట్ ఖాతాలు వాడారో జాబితా రాసి, దుకాణంవాళ్లతో సహా ఒక్కొక్కరి చేత వారి ఖాతా తెరిపించి చూడండి.

మిగిలిన ఎనిమిదింటికి వెళ్లే ముందు ఎనిమిది కాగితాలు లెక్కపెట్టుకోండి, ఒక్కొక్కదాని మీద ఆ కంప్యూటర్ సీరియల్ నంబరు రాయండి. ఏడే ఉంటే ఏడింటికే వేయండి.