ఆటిజం ఉన్న పిల్లలకు సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు: విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు దరఖాస్తు విధానం

పింఛనుకైనా, ఇన్సూరెన్స్‌కైనా, స్కూల్లో మినహాయింపులకైనా ముందు అడిగేది సదరం సర్టిఫికెట్టే, అంటే ప్రభుత్వ డాక్టర్ల బోర్డు పిల్లల్ని చూసి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం. యూడీఐడీ అంటే ఆ వైకల్యానికి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు. థెరపిస్టు రిపోర్టు, ప్రైవేటు డాక్టరు లెటరు ఎంత వివరంగా ఉన్నా పథకాల దగ్గర చెల్లవు, బోర్డు డాక్టర్లకు చూపించడానికి మాత్రం బాగా పనికొస్తాయి. దరఖాస్తు పెట్టడం పెద్ద కష్టం కాదు. తేడా వచ్చేది బోర్డు ముందు మనం చెప్పే జవాబుల దగ్గర. కాబట్టి ఫారం సంగతి తొందరగా ముగించి ఆ రోజు గురించే ఎక్కువ చెబుతాను.

ముందు మీది ఏ జిల్లానో చూసుకోండి

ఇదేం ప్రశ్న అనుకోవద్దు. 2022లో జిల్లాలు విడిపోయాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. కానూరు, పోరంకి వాళ్లు కృష్ణా జిల్లా కిందికి వస్తారు. తాడేపల్లి, ఉండవల్లి వాళ్లు బ్యారేజీ దాటితే విజయవాడే, పిల్లల థెరపీ కూడా ఇక్కడే, కాగితాలు మాత్రం గుంటూరు జిల్లావి. ఆధార్‌లో ఏ అడ్రస్ ఉందో దరఖాస్తు ఆ జిల్లాకే వెళ్తుంది. లేదంటే పిల్లలు ఈ సమస్యకు చికిత్స తీసుకుంటున్న ప్రభుత్వాసుపత్రిలోనూ అడిగే వీలు నిబంధనల్లో ఉంది. ఇల్లు మారి ఆధార్ మార్చనివాళ్లు ముందు ఆ పని చూసుకుంటే మేలు.

ఆధార్ దగ్గరే ఇంకోటి. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే తర్వాత ప్రతి కౌంటర్ దగ్గరా అదే గొడవ. రెండూ ఒకేలా ఉండాలి. ఐదేళ్లు దాటిన పిల్లలకు వేలిముద్రల అప్‌డేట్ చేయించకపోతే అది కూడా ముందే చేయించండి. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఇంట్లో ఎప్పుడూ ఉండేవాళ్లదే ఇవ్వండి.

దరఖాస్తు, స్లాట్

వార్డు సచివాలయంలోగానీ మీసేవలోగానీ సదరం స్లాట్ అడగాలి. స్లాట్లు ఏడాది పొడుగునా తెరిచి ఉండవు, విడతలవారీగా వదులుతారు, తొందరగానే నిండిపోతాయి. అందుకే సచివాలయం సిబ్బందికి ముందే చెప్పి ఉంచుకోవడం మంచిది. యూడీఐడీ కోసం కేంద్రం నడిపే స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో మనమే కూడా దరఖాస్తు పెట్టొచ్చు. ఆధార్, అడ్రస్ ప్రూఫ్, ఆరు నెలల లోపు దిగిన ఫొటో ఉంటే చాలు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత స్టేటస్ చూసేది దానితోనే.

వైకల్యం రకం అడిగినచోట ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అనే ఎంచుకోవాలి. మానసిక అనారోగ్యం అన్నది వేరే, మేధో వైకల్యం వేరే. 1995 చట్టంలో ఏడు రకాలే ఉండేవి, అందులో ఆటిజం లేదు. 2016 చట్టం వచ్చాక 21 రకాలయ్యాయి, ఆటిజానికి విడిగా చోటు దొరికింది. పాత అలవాటుతో ఎవరైనా వేరేది టిక్ పెడితే అక్కడే మార్పించండి.

డబ్బులిస్తే శాతం ఎక్కువ వేయిస్తామని తిరిగేవాళ్లు ఉంటారు. వాళ్ల జోలికి వెళ్లొద్దు. 2025లో పింఛన్లు తీసుకునేవాళ్ల సర్టిఫికెట్లను మళ్లీ తనిఖీ చేశారు, నోటీసులూ ఇచ్చారు. అర్హత నిజంగా ఉన్నవాళ్లు కూడా పాత రిపోర్టుల కోసం ఇల్లంతా వెతుక్కోవాల్సి వచ్చింది. మొదటి అసెస్‌మెంట్ నుంచి అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి.

బోర్డు రోజు

స్లాట్ చీటీ మీద ఆసుపత్రి పేరు సరిగ్గా చదవండి. విజయవాడలో కొత్తాసుపత్రి ఉంది, పాతాసుపత్రి ఉంది. ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్తే ఆ పూట పోయినట్టే. వీలైతే ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లండి. ఒకరు లైన్లో ఉంటే ఇంకొకరు పిల్లాణ్ణి బయట తిప్పుతుంటారు. వాడు తినే బిస్కెట్టు, చేతిలో పట్టుకు తిరిగే బొమ్మ, శబ్దానికి చెవులు మూసుకునే పిల్లలైతే హెడ్‌ఫోన్స్ మర్చిపోవద్దు.

లోపల ఇసా అనే ప్రశ్నావళి మీద చూస్తారు. సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారుచేసింది. మొత్తం 40 అంశాలు. కళ్లలోకి చూస్తాడా, పిలిస్తే పలుకుతాడా, ఒకే మాట తిప్పితిప్పి అంటాడా, నొప్పి తెలుస్తుందా, ఇలా. ఒక్కోదానికి ఎప్పుడో ఒకసారి నుంచి ఎప్పుడూ అనేదాకా 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 గానీ ఆపైన గానీ వస్తే ఆటిజం కింద లెక్క. మార్కులు పెరిగేకొద్దీ శాతం పెరుగుతుంది. పథకాలకు కావాల్సింది కనీసం 40 శాతం.

ఈ 40లో చాలావాటికి జవాబు చెప్పాల్సింది మనమే. ఇక్కడే మన ఇళ్లలో ప్రేమ అడ్డుపడుతుంది. డాక్టరు అడుగుతారు: “తోటి పిల్లలతో ఆడతాడా అమ్మా?” పక్కనున్న నాయనమ్మ అందుకుంటుంది: “ఆడతాడండీ, అందరితో ఆడతాడు. మాటలొక్కటే ఆలస్యం. వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి.” నిజానికి ఆ పిల్లాడు చేసేది పార్కులో మిగతావాళ్లు పరిగెడుతుంటే గేటు గొళ్లెం తీస్తూ వేస్తూ నిలబడటం. ఆమె అబద్ధం చెప్పలేదు, మనవడి పరువు కాపాడింది. కానీ టిక్ మాత్రం ఒకటి దగ్గర పడుతుంది.

కాబట్టి మామూలు రోజు ఎలా ఉంటుందో అలాగే చెప్పండి, ఎక్కువ చేయొద్దు, తక్కువ చేయొద్దు. బోర్డుకు ముందు కొన్నాళ్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: కుక్కర్ విజిల్‌కు ఏం చేశాడు, అన్నంలో కూర రంగు మారితే ఏమైంది, రాత్రి ఎన్నింటికి లేచాడు, బాత్రూంకు చెప్పి వెళ్లాడా. “బాగా అల్లరండీ” అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. “రోడ్డు మీద చెయ్యి వదిలితే లారీ వస్తున్నా ఆగడు” అంటే తెలుస్తుంది. ఇంట్లో తీసిన చిన్న వీడియోలు ఫోన్‌లో సిద్ధంగా ఉంచండి. కొత్త చోట కొందరు పిల్లలు బిగుసుకుపోయి బుద్ధిమంతుల్లా కూర్చుంటారు, సరిగ్గా ఆరోజే!

ఆ తర్వాత

2024 అక్టోబరులో మారిన నిబంధనల ప్రకారం మూడు నెలల్లోగా సర్టిఫికెట్ ఇవ్వాలి. యూడీఐడీ కార్డు 40 శాతం లోపైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. పోస్టులో వచ్చేదాకా ఆగక్కర్లేదు, పోర్టల్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. తాత్కాలిక సర్టిఫికెట్ అయితే గడువు తేదీ ఉంటుంది, కొంచెం ముందే మళ్లీ స్లాట్ కోసం అడగండి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, దాని మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది.

కార్డు చేతికొచ్చాక రెండు పనులు ఆలస్యం చేయొద్దు. ఒకటి, రేషన్ కార్డు ఉన్న కుటుంబమైతే సచివాలయంలో ఎన్టీఆర్ భరోసా పింఛనుకు పెట్టడం. 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. రెండు, నేషనల్ ట్రస్ట్ (ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ) వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్. ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరేజీ, చేరేటప్పుడు వైద్య పరీక్షలేవీ అక్కర్లేదు, థెరపీ ఖర్చులు కూడా ఇందులోకి వస్తాయి. థెరపీ బిల్లులే సగం జీతం మింగేస్తున్న ఇళ్లలో కూడా చాలామందికి ఈ పేరే తెలియదు. బిల్లుల మీద పిల్లల పేరు, తేదీ, థెరపిస్టు సంతకం ఉండేలా ఇప్పటినుంచే అడిగి తీసుకోండి.

పద్దెనిమిది నిండబోతున్న పిల్లలున్నవాళ్లకు ఇంకో కాగితం కూడా కావాలి. ఆ వయసు దాటితే బ్యాంకులోనైనా, ఆస్తి విషయంలోనైనా అమ్మానాన్నల సంతకం దానంతట అదే చెల్లదు. కలెక్టర్ ఆధ్వర్యంలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేసి లీగల్ గార్డియన్‌గా ఉత్తర్వు తెచ్చుకోవాలి. దానికీ ఈ సర్టిఫికెట్టే ఆధారం.