ముఖానికి క్రీమ్ కొనే ముందు ట్యూబ్ వెనక చదవండి
సిరిమాను పండగకి ముఖం తెల్లబడాలని మా విజయనగరంలో పిన్ని కూతురు ఓ క్రీమ్ కొంది. పది రోజుల్లో నిగనిగలాడింది. మానేసిన వారానికే బుగ్గలు ఎర్రగా కమిలిపోయాయి, ఎండ తగిలితే ఒకటే మంట. ట్యూబ్ వెనక చీమ తలంత అక్షరాల్లో మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని ఉంది. మొదటిది స్టెరాయిడ్, అంటే చర్మం వాపు, ఎరుపు అణిచే ఘాటైన మందు. క్లోబెటసాల్, బీటామెథాసోన్ కూడా అంతే. ఇవి డాక్టర్ రాయకుండా ముఖానికి వద్దు. పదార్థాల పేర్లే లేని డబ్బా అయితే అసలు ముట్టుకోకండి, పాదరసం ఉండొచ్చు. అది కిడ్నీలను పాడుచేస్తుంది. ఇప్పటికే రాస్తున్నవాళ్లు సొంతంగా ఆపేయకుండా, ఆ ట్యూబ్ పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కొత్త క్రీమ్ ఏదైనా సరే, మోచేతి మడతలో వారం రాసి చూశాకే ముఖానికి.