కీచైన్ చాకు కొంటున్నారా? ముందు కత్తెర చూడండి

తాళాల గుత్తికి తగిలించుకునే, కత్తెర లాంటివి కూడా లోపల మడిచి ఉండే బుల్లి చాకు కొనేటప్పుడు అందరూ పనిముట్లు ఎన్నున్నాయో లెక్కపెడతారు. కొన్నాక రోజూ తెరిచేది మాత్రం కత్తెరనే. షాంపూ ప్యాకెట్, మందుల స్ట్రిప్, గోరు పక్కన లేచిన తోలు, అన్నీ దాని పనే. అందుకే నేను పోల్చేది కత్తెరతోనే.

1. ఏ రకమో తేల్చుకోండి. విక్టోరినాక్స్ కంపెనీ చాకు క్లాసిక్ ఎస్‌డీ మూస్తే 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాముల దరిదాపు. జేబులో ఉందన్న సంగతే గుర్తుండదు. లెదర్‌మన్ మైక్రా 65 మిల్లీమీటర్లు, బరువు రెట్టింపు కన్నా ఎక్కువ. కానీ దాని పిడి రెండుగా విచ్చుకుని మొత్తం కత్తెరే అవుతుంది, వేళ్లకు పట్టు బాగుంటుంది. గెర్బర్ డైమ్‌లో మధ్యన ఉండేది ప్లయర్స్. కత్తెర పక్కన ఒదిగి ఉంటుంది. వైర్లు, మేకులతో పని పడేవాళ్లకు అది సరే.

2. దారంతో పరీక్షించండి. మన శ్రీకాకుళం వాళ్లకు పొందూరు ఖద్దరు ఉండనే ఉంది. పంచె అంచున వేలాడే సన్నని పోగొకటి జేబులో వేసుకెళ్లండి. కత్తెర మొన దగ్గర పెట్టి నొక్కండి. రెండు అలుగుల మధ్య ఏమాత్రం సందున్నా పోగు తెగదు, మడతపడి ఇరుక్కుంటుంది. అట్టముక్క కోసి చూపిస్తే మోసపోకండి, దాన్ని వదులు కత్తెర కూడా కోసేస్తుంది. తర్వాత పలచని పాలిథిన్ కవరు కోయండి. వెలుగుకెదురుగా పట్టుకుని, మూసినప్పుడు మొనలు కలుస్తున్నాయో లేదో చూడండి.

3. స్ప్రింగ్ చూడండి. గబగబా పదిసార్లు నొక్కి వదలండి. ప్రతిసారీ తనంతట తానే విచ్చుకోవాలి.

4. మీ గోటితోనే తెరవండి. దుకాణదారు తెరిచిస్తే లాభం లేదు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమైతే వాళ్లనే తీసుకెళ్లండి. కొత్తవి కొంచెం బిగువుగానే ఉంటాయి. ఎడమచేతివాటం వాళ్లు ఆ చేత్తోనే కోసి చూడాలి. కుడిచేతికి చేసిన కత్తెర ఎడమచేతిలో అలుగులను దూరంగా నెడుతుంది.

5. ఉప్పుగాలి సంగతి. కళింగపట్నం వైపు ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ కదా అని వదిలేయకండి, మరకలు పడతాయి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, కీలు దగ్గర కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురవుతుంది.

విశాఖ వెళ్లి విమానం ఎక్కేరోజు చాకును చేతిసంచిలో ఉంచకండి, చెకిన్ బ్యాగులో వేయండి. నేను ఒకసారి తాళాలతో పాటే తీసుకెళ్లాను. తనిఖీ దగ్గర తాళాలొక్కటే తిరిగొచ్చాయి.