ఇంట్లో తాగడానికి మంచి క్రాఫ్ట్ జిన్ ఎలా ఎంచుకోవాలి

వైజాగ్ ఉక్కపోతలో సాయంత్రం మేడ మీద కూర్చుంటే చల్లటి జిన్ టానిక్‌ని (జిన్‌లో టానిక్ వాటర్ అనే కాస్త చేదు సోడా కలిపింది) మించింది లేదండి, కాకపోతే సీసా అందం చూసి కొనేయకండి. క్రాఫ్ట్ జిన్ అంటే చిన్న డిస్టిలరీలు కొద్దికొద్దిగా తయారుచేసే జిన్ అనే మద్యం. జిన్‌కి ప్రాణం జునిపర్ అనే పొదకి కాసే చిన్న వాసన కాయలు, మిగతా దినుసులన్నీ దాని తర్వాతే. లేబుల్ మీద లండన్ డ్రై అని ఉంటే డిస్టిల్ చేశాక (మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి పట్టాక) రుచులు, రంగులు ఏమీ కలపలేదని అర్థం, కొత్తవాళ్లు అక్కడే మొదలెట్టండి. మన దేశంలో ఈ క్రాఫ్ట్ జిన్ల ఊపు 2017లో గోవాలో గ్రేటర్ దాన్ అనే బ్రాండ్‌తో మొదలైంది, అదే కంపెనీ చేసే ఇంకో జిన్ హపుసాలో హిమాలయాల జునిపర్ వేస్తారు, స్ట్రేంజర్ అండ్ సన్స్ అనే మరో జిన్‌లో మిరియాల ఘాటు ఉంటుంది, ఇవి షాపులో దొరికితే ముందు చిన్న సీసా తీసుకోండి.

ఇంటికొచ్చాక వెంటనే టానిక్ పోసేయొద్దు ప్లీజ్! ఒక స్పూన్ జిన్‌లో అంతే నీళ్లు కలిపి వాసన చూడండి, అప్పుడే దినుసులు విడివిడిగా తెలుస్తాయి, నాకైతే ఈ ఒక్క అలవాటుతోనే ఏది నచ్చుతుందో తెలిసింది. తర్వాత గ్లాసు నిండా ఐసు, ఒక వంతు జిన్‌కి మూడు వంతుల టానిక్. నిమ్మ వాసన జిన్‌కైతే దబ్బకాయ తొక్క, ఘాటుదానికైతే రెండు అరకు మిరియాలు నలిపి వేయండి, అదిరిపోద్ది.