పాత ఎముకల చెక్కడాలు గీయడం, 4వ పాఠం: కుడి దవడా, ఎడమ దవడా?

పోయినసారి మెగథీరియం (ఎప్పుడో అంతరించిపోయిన భారీ స్లాత్ జంతువు) కింది దవడని చెక్కి అచ్చువేసిన పాత బొమ్మ ఒకటి గీయమని ఇచ్చాను. అమలాపురం, నరసాపురం, యానాం నుంచి వచ్చిన బొమ్మల్లో గీతలు బాగున్నాయి. కానీ దాదాపు అందరూ అచ్చులో కనిపించిందే నమ్మి, కింద "కుడి దవడ" అని ధీమాగా రాసేశారు. అందుకే ఈసారి షేడింగ్ పక్కన పెట్టి దీని సంగతే చూద్దాం.

ఎముక చేతిలో ఉంటే తేలిక. పళ్లు పైకి, బయటి వైపు మీకెదురుగా ఉంచినప్పుడు మూతి కొస మీ ఎడమకు తిరిగితే అది ఎడమ దవడ. అచ్చు బొమ్మకి ఈ లెక్క చాలదు. రాగి రేకు మీద చెక్కింది, రబ్బరు స్టాంపులాగే, కాగితం మీద తిరగబడి పడుతుంది. రాతి అచ్చులోనూ అంతే. జాగ్రత్తపరులు అసలు బొమ్మని అద్దంలో చూస్తూ చెక్కేవారు. అందరూ అలా చెయ్యలేదు.

"అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి కదండీ" అని చాలామంది అడిగారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అక్షరం తిరగబడితే ఎవరూ చదవలేరు, అందుకని దాన్ని పనిగట్టుకుని వెనక్కి చెక్కుతారు. ఎముక తిరగబడినా అడిగేవాడు లేడు. ఒకే రేకు మీద అక్షరం సరిగ్గా, ఎముక తారుమారుగా ఉండొచ్చు. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ అంతటివాడు 1650లో వేసిన గవ్వ అచ్చు బొమ్మ చూడండి. సంతకం చక్కగా చదవొచ్చు, గవ్వ సుడి మాత్రం తిరగబడింది. మన పూజగదిలోని మామూలు శంఖాన్ని అలా అచ్చువేస్తే దక్షిణావర్త శంఖమై కూర్చుంటుంది!

వెలుగునీ పూర్తిగా నమ్మొద్దు. ఎడమ పైనుంచి వెలుగు పడ్డట్టు గీయడం ఆనవాయితీ. కుడినుంచి పడుతుంటే అనుమానించండి, కానీ తీర్పు చెప్పకండి. తేల్చేవి బొమ్మకి జతగా అచ్చయిన వివరణ, అసలు ఎముక ఫోటో. మెగథీరియం అస్థిపంజరం 1788లో మాడ్రిడ్ చేరింది, ఇప్పటికీ అక్కడి మ్యూజియంలోనే ఉంది. పగుళ్లు, విరిగిన అంచులు ఏ వైపున్నాయో పోల్చుకోండి.

నేనైతే ముందే ట్రేసింగ్ తీసి, తిరగేసి రెండో కాపీ పెట్టుకుంటాను. వానల్లో మన లంకల చెమ్మకి ట్రేసింగ్ కాగితం ముడతలు పడుతుంది, పాలిస్టర్ ఫిల్మ్ కొనుక్కోండి.

హైదరాబాద్ వెళ్లేవాళ్లు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడి కాలి ఎముకల కుడి ఎడమలు చెప్పుకోండి. ప్రాణహిత-గోదావరి లోయలో, మన నదికి ఎగువన దొరికిన జంతువు అది.

అభ్యాసం: మాంసం కొట్టులో మేక కింది దవడ అడిగి తెచ్చి, ఉడకబెట్టి, కడిగి ఆరబెట్టండి. ఎడమ ముక్కని అద్దం ముందు పెట్టి, అద్దంలోది మాత్రమే చూస్తూ నిబ్బుతో గీయండి. పెన్సిల్ వద్దు. పక్కన "ఎడమ" అని తిరగేసి రాయండి. కాగితాన్ని వెనకనుంచి దీపానికి పట్టి చూస్తే ఎముకా, అక్షరాలూ రెండూ సరిగ్గా కనిపించాలి. ఒక్కటి తప్పినా మళ్లీ కొత్త కాగితం తీయండి.